ఆంధ్రకేసరి చేవ్రాలు

స్వీయచరిత్ర అనే ప్రక్రియకు తెలుగునాట పుట్టినిల్లు గోదావరీతీరమే అనవచ్చు. తెలుగున తొలి సమగ్ర స్వీయచరిత్రగా పేరొందిన గ్రంథాన్ని రచించినవారు రాజమహేంద్రవరవాసులైన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. చూపు కోల్పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తమ చరిత్రను ఇతరులచేత వ్రాయించి లోకానికి అందించారు. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు తమ అనుభవాలను, జ్ఞాపకాలను మరువరాని తెలుగులో నిలిపిపోయారు. ఈ వరుసలో చేర్చదగిన మరొక గ్రంథం ‘నా జీవిత యాత్ర’. దానిని వ్రాసిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు జన్మచేత ఒంగోలు సీమవారు. అయినా, వారి యౌవనాన్ని తీర్చిదిద్దినది మాత్రం రాజమహేంద్రవరమే.

స్వీయచరిత్రకు ఇతర గ్రంథాలకు లేని ఒక విశేషం ఉన్నది. కావ్యాన్ని వ్రాసినవాడు కావ్యాన్ని మాత్రమే లోకానికి ఇస్తాడు. స్వీయచరిత్ర వ్రాసినవాడు తన్ను తానే ఇచ్చుకుంటాడు. ఇచ్చిన దానిని చదువరి తన ఇంటికి తీసుకొని పోవచ్చు. అయితే దానిని చలనచిత్రంగా మలచదలచినవాడు మాత్రం అంత సులభంగా తీసుకొని పోలేడు. గ్రంథంపై హక్కుగలవారు కాగితం మీద ఒప్పందం వ్రాసి చేవ్రాలు చేయాలి. పాశ్చాత్య దేశాలలో ఇట్టి ఒప్పంద పత్రాలను పాత నాణెములవలె సేకరించి దాచుకొనే అభిరుచిగలవారు ఉన్నారు. ఎవరి జ్ఞాపకాలు ఎప్పుడు తెరకెక్కాయో, ఎంత సొమ్ముకు ఎక్కాయో, ఎవరి చేతి వంకరలతో ఆ హక్కు చేతులు మారిందో ఆ పత్రాలు చెబుతాయి. ఆ కాగితాల వెనుక నిలిచే ప్రశ్న ఒక్కటే. మనిషి జీవితం ఎవరి సొత్తు? ప్రకాశం పంతులుగారి జీవితాన్ని ఈ ప్రశ్నతో ఒకసారి చదివి చూడటం అవసరం.

గౌతమీ వసిష్ఠా పాయలు విడిపోయిన చోటికి దిగువన, ఆ రెండింటి నడుమ, కోనసీమ తలవాకిట ఉన్న ఊరు ఆత్రేయపురం. పూతరేకులకు పేరుపడిన ఆ ఊరిలోనే కాదు, గోదావరి జిల్లాలలో ఏ బడి వార్షికోత్సవమైనా, ఏ కళాశాల వేడుకైనా, రాజమహేంద్రవర ప్రశస్తిని కీర్తించే గోదావరి గీతమొకటి వినిపించటం కద్దు. ఆరుద్ర రచించగా, సత్యం స్వరపరచగా, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గానం చేసిన పాట అది. పాడే పిల్లలకు, వినే పెద్దలకు అది కంఠస్థం. కాని అది 1983లో వచ్చిన ‘ఆంధ్రకేసరి’ చిత్రంలోనిదని, ఆ చిత్రం ప్రకాశం పంతులుగారి జీవితగాథ అని ఎరిగినవారు నానాటికీ తగ్గిపోతున్నారు. పాట నిలిచింది, పాటకు మూలమైన మనిషి వెనుకకు తగ్గిపోయాడు. అందుచేత ఆ మనిషి కథను మొదటినుంచి చెప్పుకోవటం ఉపాధ్యాయులకు, విద్యార్థులకు వ్యర్థం కాబోదు.

1872వ సంవత్సరం ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో ప్రకాశం జన్మించాడు. ఆ గ్రామం నేడు ఆయన పేరనే ఉన్న జిల్లాలోనిది. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. బాలుడికి పదకొండేళ్ళ ప్రాయంలో తండ్రి మరణించాడు. ఆస్తి లేదు, ఆదరువు లేదు. సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపింది. ఆనాడు బ్రాహ్మణ కుటుంబపు స్త్రీ పదిమందికి వండి వడ్డించి రూకలు తీసుకోవటం గౌరవమైన వృత్తిగా లోకం ఎంచలేదు. ఆమె లోకాన్ని లెక్క చేయలేదు. కొడుకు చదువుకోవాలి, దానికి అన్నం అమ్మవలసివస్తే అమ్మాలి. ప్రకాశం జీవితాన ప్రవేశించిన తొలి త్యాగం అది. దానికి పత్రం లేదు, సాక్షి లేడు.

మిడిల్ స్కూలు పరీక్షకు కట్టవలసిన రుసుము మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు కూడదీయటానికి ఆ కుటుంబం పడిన పాటు ఇంతింత కాదు. అటు తరువాత లక్షలు ఆర్జించి, లక్షలు వెదజల్లిన ఆ చేతికి మూడు రూపాయల బరువు మొదటనే తెలిసివచ్చింది. బాల్యంలో ఆయన బుద్ధిమంతుడని చెప్పటానికి వీలులేదు. నాటకాలన్నా, వీధి తగవులన్నా, సాహసమన్నా ఆసక్తి మెండు. చెడిపోవటానికి తగిన అవకాశాలన్నీ ఉన్నాయి. తమ గ్రంథంలో పంతులుగారు ఈ సంగతులను దాచలేదు. పెద్దవాడైన తరువాత చిన్ననాటి తప్పులను సున్నం వేసి తెల్లచేసుకొనే అలవాటు ఆయనకు లేదు.

చెడిపోకుండా కాపాడినవాడు ఒక ఉపాధ్యాయుడు. ఆయన పేరు ఇమ్మనేని హనుమంతరావునాయుడుగారు. ఒంగోలు మిషన్ పాఠశాలలో పనిచేస్తూ, అల్లరిపిల్లవాని కన్నులలో ఏదో వెలుగు చూచినాడు. తాను రాజమహేంద్రవరానికి తరలిపోయేటప్పుడు ప్రకాశాన్ని కూడా వెంట తీసుకొనిపోయి, ఇంటివానివలె చూచుకొని చదువు చెప్పించాడు. కన్నతల్లి ఒంగోలులో అన్నం వండి సంపాదిస్తుంటే, గురువు గోదావరి ఒడ్డున బిడ్డను సాకినాడు. తెలుగుదేశపు రాజకీయ చరిత్రలో హనుమంతరావునాయుడుగారి పేరు పెద్ద అక్షరాలలో కనబడదు. కాని ఆయన లేకపోతే ఆ చరిత్రలో ఒక ప్రధానమైన అధ్యాయమే ఉండదు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారు ఈ మాట మరువరాదు.

హనుమంతరావునాయుడుగారు నాటకప్రియులు. రాజమహేంద్రవరంలో ఆయన నడిపిన నాటకసమాజం కోసమే యువకుడైన చిలకమర్తి నాటకరచనకు పూనుకున్నాడు. తెలుగునాట ఊరూరా మారుమ్రోగిన ‘గయోపాఖ్యానం’ ఆ కాలపు రచనే. ఆ సమాజపు ప్రదర్శనలలో ప్రకాశం వేషాలు ధరించాడు. రూపసి గనుక స్త్రీవేషాలు కూడా ధరించాడు. తరువాత న్యాయస్థానాలలో న్యాయమూర్తులను, బహిరంగసభలలో వేలాది జనాన్ని నిలబెట్టి వినిపించిన కంఠం ఆ రంగస్థలం మీదనే సానపట్టబడింది. శతాబ్దం తిరుగకముందే ఇతరులు తన వేషం ధరించి తెరమీద నిలుస్తారని ఆ నవయువకుడు ఊహించి ఉండడు. అప్పటికి లోకంలో చలనచిత్రమే పుట్టలేదు. తెలుగు మాటాడిన తొలి చిత్రం ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడింది. అదీ సురభివారి నాటకరంగం నుంచి వచ్చినదే.

ప్రకాశం మద్రాసులో న్యాయశాస్త్రం చదివి రెండవ తరగతి ప్లీడరయ్యారు. కొంతకాలం ఒంగోలులో ఉండి, తిరిగి గోదావరి తీరానికే వచ్చి రాజమహేంద్రవరంలో వృత్తి ప్రారంభించారు. ప్లీడరు బ్రతుకంతా చేవ్రాలు మీద ఆధారపడినది. కక్షిదారు వకాలతు మీద వ్రేలిముద్ర వేసినా, వంకరటింకర అక్షరాలు వ్రాసినా, తన భూమిని, మానాన్ని, ఒక్కొక్కసారి ప్రాణాన్ని కూడా ఆ కాగితంతో న్యాయవాది చేతిలో పెడుతున్నాడన్నమాట. ఆ నమ్మకాన్ని పంతులుగారు వమ్ము చేయలేదు. పేరు వచ్చింది, ధనం వచ్చింది, శత్రువులు కూడా వచ్చారు. ముప్పైయేళ్ళు దాటిన కొద్ది కాలానికే ఆయన రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులయ్యారు. పూటకూళ్ళ ఇంటి బాలుడు, పట్టణంలో పాతుకొనిపోయిన పెద్దల బలగానికి ఎదురు నిలిచి ఆ పీఠం ఎక్కటం ఆనాడు సామాన్యమైన సంగతి కాదు.

రెండవ తరగతి ప్లీడరుకు పెద్ద న్యాయస్థానాల తలుపులు తెరుచుకోవు. ఆ గడప దాటాలంటే బారిస్టరు కావాలి. బారిస్టరు కావాలంటే సముద్రం దాటాలి. సముద్రయానం కులభ్రష్టతకు కారణమని పెద్దలు నమ్మిన రోజులు. మద్యమాంసాలు ముట్టనని తల్లికి మాట ఇచ్చి, 1904లో ఆయన ఇంగ్లండుకు బయలుదేరారు. అక్కడ ఉన్న కాలంలో దాదాభాయి నౌరోజీ ఎన్నికకు పనిచేశారు. 1907లో బారిస్టరై తిరిగివచ్చి మద్రాసు ఉన్నత న్యాయస్థానంలో ప్రవేశించారు. ఆ కాలాన ఆ న్యాయస్థానంలో ఇతర ప్రాంతాల న్యాయవాదులదే పైచేయి. వారి నడుమ నిలిచి తెలుగువాని సత్తా చాటినవారిలో పంతులుగారు అగ్రగణ్యులు. ఆర్జన లక్షలలోకి పోయింది. ‘లా టైమ్స్’ అనే న్యాయశాస్త్ర పత్రికను కూడా నడిపారు. మద్రాసులో ఇళ్ళు, ఉదకమండలంలో ఇల్లు, బండ్లు, బంధుమిత్రుల రాకపోకలు. సుబ్బమ్మగారి వంటింటి పొగ ఏనాటి మాటో అనిపించే వైభవం.

ఆ వైభవాన్ని ఆయన 1921లో విడిచిపెట్టారు. గాంధీమహాత్ముడు సహాయనిరాకరణకు పిలుపు ఇచ్చినప్పుడు, న్యాయస్థానాలను బహిష్కరించవలసినదిగా న్యాయవాదులను కోరాడు. కొందరు ఆలోచించారు, కొందరు కొంతకాలం మానుకొని తిరిగి వెళ్ళారు. పంతులుగారు ఏబది ఏళ్ళకు చేరువలో ఉండి, సంపాదన శిఖరాన ఉండి, వృత్తికి స్వస్తి చెప్పారు. వకాలతుల మీద చేసిన చేవ్రాళ్ళు అంతటితో ముగిశాయి. అటు తరువాత ఆయన చేసిన చేవ్రాళ్ళన్నీ ఇచ్చుకోవటానికే తప్ప పుచ్చుకోవటానికి కావు.

ఆ ఏడే అక్టోబరు మాసాంతాన మద్రాసులో ‘స్వరాజ్య’ అనే ఇంగ్లీషు దినపత్రిక స్థాపించారు. పిమ్మట అది తెలుగు, తమిళ భాషలలో కూడా వెలువడింది. దక్షిణదేశంలో జాతీయోద్యమానికి అది గొంతు అయింది. ఆ పత్రికలో పనిచేసి పత్రికారచన నేర్చినవారు తరువాత దేశమంతటా ప్రసిద్ధులైన సంపాదకులైనారు. కోటంరాజు రామారావు, ఖాసా సుబ్బారావు అట్టివారే. అయితే పత్రిక నడపటమంటే ప్రతిదినం కాగితం కొనాలి, సిరా కొనాలి, కూలి ఇవ్వాలి. ప్రకటనలిచ్చే వ్యాపారులు సర్కారుకు జడిసే కాలం. ఆర్జించిన ధనమంతా పత్రికలోకి పోయింది. ఆ తరువాత అప్పులు. అప్పులకు పూచీ పంతులుగారే. పదునాలుగేళ్ళ పోరాటం తరువాత పత్రిక నిలిచిపోయింది. పత్రికతోపాటు ఇళ్ళు పోయాయి, ఆస్తి పోయింది. లోకం దానిని వ్యవహారజ్ఞానం లేమి అన్నది. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. లెక్కలు చూచుకోవటం, ఖర్చును అదుపులో ఉంచటం ఆయనకు చేతకాదు. ఎదుటివాని అవసరం కనబడితే జేబులో ఉన్నది ఎంతో చూడకుండా ఇచ్చే స్వభావం. ఇంటివారు ఎన్ని ఇడుమలు పడ్డారో ఊహించవచ్చు. పెద్దల జీవితాలను పొగడేటప్పుడు ఆ పొగడ్త ఖరీదును వారి ఇంటివారు చెల్లించారన్న సంగతి కూడా చెప్పటం ధర్మం.

1928వ సంవత్సరం ఫిబ్రవరి 3న సైమన్ సంఘం భారతభూమిపై కాలు మోపింది. ఆనాడు మద్రాసు నగరంలో నిరసన చెలరేగింది. ఉన్నత న్యాయస్థానం చెంత ప్యారీస్ కార్నరు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ఒక యువకుడు నేలకూలాడు. మృతదేహాన్ని చూడటానికి ఎవ్వరినీ పోనీయకుండా తుపాకులు అడ్డం పెట్టారు. పంతులుగారు ముందుకు నడిచారు. ముందుకు వస్తే కాలుస్తామని హెచ్చరిక వచ్చింది. ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపి, కాల్చుమని సవాలు చేశారు. తుపాకి దిగింది, దారి తొలగింది. ఆంధ్రకేసరి అన్న బిరుదు ఆ సంఘటనతో ప్రజల నాలుకపై స్థిరపడింది. వెనుకటి దినాలలో బారిస్టరు దుస్తులు ధరించి ఆయన దర్జాగా మెట్లెక్కిన న్యాయస్థానం అక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్నది.

ఆ కాలపు వేడి మద్రాసులో మాత్రమే లేదు. 1931 మార్చి 5న గాంధీ ఇర్విన్ ఒడంబడికపై సంతకాలు జరిగాయి. ఆ నెల ముగియకముందే, ఆత్రేయపురానికి చేరువనున్న వాడపల్లిలో వేంకటేశ్వరస్వామి రథోత్సవం సందర్భంగా పోలీసులు కాల్పులు జరిపారు. సామాన్యులు ప్రాణాలు కోల్పోయారు. పెద్దలు కాగితం మీద చేసిన సంతకం పల్లెలోని లాఠీని, తుపాకిని ఆపలేకపోయింది. ఆ మృతుల పేర స్వీయచరిత్రలు లేవు. చరిత్ర వ్రాసుకోగలిగిన నాయకుని గ్రంథంలో, వ్రాసుకోలేని వేలాదిమంది బ్రతుకులు కూడా ఇమిడి ఉంటాయి. అందుచేతనే అట్టి గ్రంథాన్ని ఒక్క మనిషి సొత్తుగా చూడటం కష్టమవుతుంది.

1937లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారిగారి నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడినప్పుడు పంతులుగారు రెవిన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ విచారణసంఘానికి అధ్యక్షులై, ఎస్టేటు రైతుల మొర విన్నారు. భూమికి యజమాని దున్నే రైతే కాని పన్ను వసూలు చేసే జమీందారు కాడని ఆ సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. శిస్తులు 1802 నాటి శాశ్వత పరిష్కారపు మట్టానికి దిగాలని సూచించింది. మరుసటి ఏడు మంత్రివర్గం రాజీనామా ఇవ్వటంతో అది శాసనం కాలేదు. కాని 1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసినప్పుడు, దానికి బాట వేసినది ఆ నివేదికయే. పంతులుగారు చేసిన చేవ్రాళ్ళలో ఎక్కువమంది కడుపు నింపినది ఏదని అడిగితే, ఆ నివేదిక చివర ఉన్నదానినే చూపాలి. అయితే చలనచిత్రంలో చూపటానికి అది తగిన దృశ్యం కాదు. తుపాకి ఎదుట రొమ్ము చూపటం ఒక్క నిమిషం. రైతుల సాక్ష్యాలు వినటం నెలల తరబడి సాగిన పని.

వ్యక్తిసత్యాగ్రహంలోను, 1942 ఉద్యమంలోను ఆయన చెరసాల పాలయ్యారు. 1946 ఏప్రిలు 30న మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. పదకొండు నెలలలోనే దిగిపోయారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు, ఎనుబది యొకటవ ఏట కర్నూలులో తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన హయాంలోనే తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో ఉన్నత న్యాయస్థానం వెలసినాయి. 1954 నవంబరులో మద్యనిషేధ వివాదంపై శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఆ మంత్రివర్గం పడిపోయింది. పదవి పోయిననాడు ఆయనకు స్వంత ఇల్లు లేదు, నిలువ సొమ్ము లేదు. 1957 మే మాసపు ఎండలో ఒంగోలు ప్రాంతపు హరిజనవాడలో తిరిగి, వడదెబ్బ తిని, ఆ నెల 20న హైదరాబాదులో కన్నుమూశారు. విజయవాడ వద్ద కృష్ణపై కట్టిన బారేజీకి ఆయన పేరు పెట్టారు. ఆత్రేయపురానికి ఎగువన ధవళేశ్వరంలో గోదావరికి కాటన్ పేరు ఎట్లు అంటుకొని ఉన్నదో, కృష్ణకు ప్రకాశం పేరు అట్లు అంటుకొని ఉన్నది.

ఇంతటి జీవితాన్ని ఆయన జీవితసంధ్యలో గ్రంథస్థం చేశారు. ‘నా జీవిత యాత్ర’లో మొదటి మూడు భాగాలు ఆయనవి. యాత్ర సాగుతూ ఉండగానే యాత్రికుడు నిష్క్రమించాడు గనుక, నాలుగవ భాగాన్ని ఆయన అనుచరులు తెన్నేటి విశ్వనాథంగారు వ్రాసి పూర్తిచేశారు. ఇళ్ళు పోయి, పత్రిక పోయి, పదవి పోయి, ఆయన మిగిల్చి వెళ్ళిన ఆస్తి ఈ గ్రంథమే అనటం అతిశయోక్తి కాదు. అది ఆస్తి అని చెప్పినది శాసనం కూడా. ఆయన మరణించిన ఏడే మన పార్లమెంటు కొత్త గ్రంథస్వామ్య చట్టం చేసింది. 1958 జనవరి 21న అది అమలులోకి వచ్చింది. గ్రంథాన్ని చలనచిత్రంగా తీసే హక్కు రచయితకు, అతని వారసులకు ఉంటుందని, ఆ హక్కును మరొకరికి బదలాయించాలంటే చేవ్రాలుతో కూడిన పత్రం ఉండి తీరాలని ఆ చట్టం విధించింది. నోటిమాట చాలదు.

ఆ విధింపు ఎందుకు అవసరమో ఇతర దేశాల ఉదాహరణలు తెలుపుతాయి. ఆస్ట్రియా దేశపు గాయక కుటుంబానికి చెందిన మేరియా ఫాన్ ట్రాప్ 1949లో తమ కథను గ్రంథంగా వెలువరించింది. కొన్ని ఏళ్ళకు, చిత్రహక్కులను ఒక్కసారిగా ముట్టిన స్వల్పమైన మొత్తానికి జర్మన్ నిర్మాతలకు వ్రాసి ఇచ్చింది. 1956లో జర్మన్ చిత్రం, 1959లో అమెరికా రంగస్థల ప్రదర్శన, 1965లో ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ చిత్రం వచ్చి లోకాన్ని ముంచెత్తాయి. ధనం ప్రవాహమై పారింది. కథ ఎవరిదో ఆ కుటుంబానికి దక్కినది అందులో కొద్దిపాటి భాగమే. ఇందుకు భిన్నమైనది టి.ఇ. లారెన్స్ కథ. అరేబియా ఎడారి యుద్ధస్మృతులు వ్రాసిన ఆయన, తాను జీవించి ఉండగా వాటిని తెరకెక్కించరాదని 1935లో నిర్మాత అలెగ్జాండర్ కోర్డాను ఒప్పించాడు. ఆ ఏడే మరణించాడు. లోకమెరిగిన చిత్రం 1962లో గాని రాలేదు. ఒకరు చేసిన చేవ్రాలు, మరొకరు వద్దన్న చిత్రం. రెండింటికీ తరువాతి కాలమే ఫలం చూసింది.

మరి ప్రకాశం పంతులుగారి కథ ఏమైనది? ఆయన మరణించిన ఇరువదియారేళ్ళకు, 1983లో, ఆయనకు మనుమని వరుసైన విజయచందర్ ‘ఆంధ్రకేసరి’ని తెరకెక్కించి తామే ప్రకాశం పాత్ర ధరించారు. ఇక్కడ చట్టం గీసిన గీత ఒకటి గమనించాలి. ఒక నాటకానికి, ఒక చిత్రానికి నడుమ వచ్చిన వివాదంలో 1978లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఇతివృత్తానికి, భావానికి, చారిత్రక సత్యానికి గ్రంథస్వామ్యం లేదని, రచయిత వాటికి తొడిగిన రూపానికి మాత్రమే అది వర్తిస్తుందని నిర్ణయించింది. అంటే సైమన్ సంఘం వచ్చిననాడు పంతులుగారు రొమ్ము చూపారన్న సంగతి ఎవ్వరి సొత్తూ కాదు, అది దేశచరిత్ర. దానిని ఆయన తమ మాటలలో చెప్పుకున్న తీరు మాత్రం ఆయన సొత్తు, ఆయన వారసుల సొత్తు.

ఆ సొత్తుకైనా గడువున్నది. రచయిత మరణానంతరం ఏబది ఏళ్ళని తొలుత చట్టం చెప్పగా, 1992లో దానిని అరువది ఏళ్ళుగా పెంచారు. ఆ లెక్కన పంతులుగారు స్వయంగా వ్రాసిన భాగాలపై హక్కు 2017తో ముగిసింది. 2018 జనవరి 1 నుంచి అవి లోకపు సొత్తు. నేడు ఏ పాఠశాల పిల్లలైనా వాటిని నాటకంగా ఆడవచ్చు. ఏ యువకుడైనా చిత్రంగా తీయవచ్చు. ఎవ్వరి చేవ్రాలూ అక్కరలేదు. విశ్వనాథంగారు 1979లో స్వర్గస్థులయ్యారు గనుక, వారు వ్రాసిన నాలుగవ భాగానికి మాత్రం 2039 ముగిసేవరకు హక్కు నిలిచి ఉంటుంది. జీవించి ఉండగా ఉన్నదంతా లోకానికి ఇచ్చివేసిన మనిషి చివరి ఆస్తిని కూడా కాలమే లోకానికి పంచిపెట్టింది.

అయినా హక్కు వచ్చినంతమాత్రాన అర్హత రాదు. స్వీయచరిత్రను తెరకెక్కించటంలో సహజంగా కొంత జారిపోతుంది. చలనచిత్రానికి వీరరసం కావాలి, పాట కావాలి, కన్నీరు కావాలి; రెండు మూడు గంటలలో ముగియాలి. మిడిల్ స్కూలు పరీక్ష రుసుము మూడు రూపాయలు అందులో ఇముడుతాయి. పత్రిక మూతపడేవరకు పదునాలుగేళ్ళపాటు ప్రతి ఉదయం కాగితపు ఖరీదును గూర్చి పడిన బెంగ ఇమడదు. తుపాకి ఎదుటి రొమ్ము ఇముడుతుంది. జమీందారీ నివేదికలోని శిస్తుల పట్టిక ఇమడదు. చిత్రాన్ని తప్పుపట్టటానికి ఈ మాట చెప్పటం లేదు. ఆ చిత్రం వల్లనే గదా గోదావరి గీతం మన పిల్లల నోట నిలిచింది. పంతులుగారి గ్రంథంలో లేని ఆ పాట, ఆయనను పెంచిన నదికి, పట్టణానికి ఆయన తరఫున తీర్చిన ఋణంగా భావించవచ్చు. కాని పాటతో ఆగిపోతే పంతులుగారిని మనం సగమైనా ఎరుగము.

పంతులుగారి చేవ్రాలు ఉన్న కాగితాలను ఎవరైనా ఒకచోట చేర్చగలిగితే, అందులో వకాలతులు ఉంటాయి, పురపాలక ఉత్తర్వులు ఉంటాయి, అప్పుకు సంబంధించిన పత్రాలు ఉంటాయి, మంత్రిగా ఇచ్చిన ఆజ్ఞలు ఉంటాయి. మొదటివి ఆర్జించినవి, నడిమివి పోగొట్టుకున్నవి, చివరివి ప్రజలకు చెందినవి. ఆ చేతికి అక్షరం నేర్పించినది పూటకూళ్ళ ఇల్లు నడిపిన తల్లి. దానిని నిలబెట్టినది ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. తరగతిగదిలో గోదావరి గీతం నేర్పే ఉపాధ్యాయుడు, పాట ముగిసిన పిమ్మట సుబ్బమ్మగారిని, హనుమంతరావునాయుడుగారిని గూర్చి పది నిమిషాలు చెప్పి, ‘నా జీవిత యాత్ర’ మొదటి భాగాన్ని పిల్లల చేతికి ఇస్తే చాలు. దానికి ఎవ్వరి అనుమతీ అక్కరలేదు.